కాళ్ళ పీకుడుకి శని ఉంగరమా?

సాయంత్రం పూట మా అపార్ట్‌మెంట్ ఆవరణలో నలుగురైదుగురు రిటైరయినవాళ్ళం ఒక బెంచీ మీద చేరతాం. ఘజియాబాద్ ఇందిరాపురంలో తెలుగు మాట వినపడాలంటే మాకు ఆ బెంచీయే గతి. మూడు నెలల క్రితం ఒకరోజు మా పై అంతస్తు పెద్దాయన కుడిచేతి నడిమి వేలికి కొత్త ఉంగరం పెట్టుకుని వచ్చారు. ఈయన కోనసీమ మనిషి, ప్రభుత్వరంగ సంస్థలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. వెండి కాదు, బంగారం కాదు, నల్లటి ఇనుము. నల్ల గుర్రం కాలికి కొట్టిన నాడాని కరిగించకుండా సాగగొట్టి చేసిందట. ఖరీదు రెండువేల నూట ఒక్క రూపాయలు.

ఎందుకండీ అంటే, రాత్రిళ్ళు కాళ్ళు పీకి నిద్ర పట్టడం లేదట. మూడేళ్ళుగా ఇదే అవస్థ. తూర్పు ఢిల్లీలో ఒక జ్యోతిష్కుణ్ణి అడిగితే, “కాళ్ళకి అధిపతి శని. ఆయనే కుంటివాడు. ఆయన లోహం ఇనుము. ధరించండి” అన్నాడట.

నేను ఊరుకోలేక, “ఉంగరం సంగతి తర్వాత చూద్దాం, ముందు రక్తంలో ఫెరిటిన్ పరీక్ష చేయించండి. ఒంట్లో ఇనుము నిల్వలు తగ్గితే కాళ్ళు ఇలా పీకుతాయి” అన్నాను. అనడమే నా పొరపాటయింది. ఆయన తొడ మీద చరిచి, “చూశారా! మీ సైన్సు ఇప్పుడు కనిపెట్టిన ఇనుముని మావాళ్ళు వేల ఏళ్ళ క్రితమే చెప్పారు!” అన్నారు. బెంచీ మీద అందరూ తలలూపారు. ఒకాయన ఆ మాటని అక్కడికక్కడే వాట్సాప్‌లో ఎక్కించాడు కూడా.

ఆ పూట నేను సరిగ్గా సమాధానం చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. కానీ ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. అది దాచుకుని ఆయన్ని ఉతికి ఆరేయడం న్యాయం కాదు.

“కాళ్ళు పీకుతున్నాయి” అన్న మాట వినని తెలుగిల్లు ఉండదు. ఇంట్లో ఆడవాళ్ళు రాత్రి వంటిల్లు సర్ది నడుం వాల్చగానే అంటారు. పిల్లల్ని పిలిచి కాళ్ళు తొక్కించుకుంటారు, పిక్కలకి పాత గుడ్డ బిగించి కట్టుకుంటారు. పనిచేసి అలిసిపోయారులే అని అందరం అనుకుంటాం. నిజంగా అలసటే అయితే పడుకుంటే తగ్గాలి. ఈ బాధ పడుకుంటేనే మొదలవుతుంది. దీని తిరకాసు అక్కడే ఉంది.

వైద్యులు దీన్ని ‘రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్’ అంటారు. దీన్ని గుర్తుపట్టడానికి నాలుగు ప్రశ్నలు ముఖ్యం. కాళ్ళు కదిలించి తీరాలన్న ఆపుకోలేని కోరిక పుడుతుందా? కూర్చున్నప్పుడూ పడుకున్నప్పుడూ మొదలవుతుందా లేక పెరుగుతుందా? లేచి నాలుగడుగులు వేస్తే, కనీసం నడుస్తున్నంతసేపైనా, తగ్గుతుందా? పగటి కంటే సాయంత్రం, రాత్రి ఎక్కువా? నాలుగింటికీ అవుననే జవాబు వచ్చి, ఆ లక్షణాలకి వేరే కారణం లేదని తేలితే అదే ఇది. పిక్కలు పట్టేయడం వేరు. అక్కడ కండరం రాయిలా గడ్డకడుతుంది. చక్కెర జబ్బువాళ్ళ అరికాళ్ళ మంటలూ తిమ్మిర్లూ వేరు. అవి నడిచినంత మాత్రాన పోవు. ఈ జబ్బుకి ఎక్స్‌రేలో కనపడేదీ, స్కానింగ్‌లో దొరికేదీ లేదు. రోగి చెప్పేది వినాలి. వినే ఓపిక లేని చోట ఈ జబ్బే ఉండదు.

మా ఇంట్లో ఇరవయ్యేడేళ్ళు లేదు. అంటే నా లెక్కలో లేదు.

నేను రక్షణశాఖ లెక్కల విభాగంలో పనిచేసి 2019లో రిటైరయ్యాను. బి.కాం. చదివినవాణ్ణి, వైద్యం నా చదువు కాదు. మా ఆవిడకి ఈ బాధ 1991లో, రెండో కాన్పు కడుపుతో ఉన్నప్పుడు మొదలైంది. అప్పుడు మేము ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. జనవరి చలిలో రాత్రి రెండింటికి రజాయి తీసేసి ముందు గదిలోంచి వంటింట్లోకీ, వంటింట్లోంచి ముందు గదిలోకీ తిరిగేది. ఏమిటంటే, “కాళ్ళలో ఏవో పాకుతున్నట్టుందండీ, ఎముకల లోపల దురద పెడుతున్నట్టుంది, గోకడానికి అందదు” అనేది. కాన్పు తర్వాత కొన్నాళ్ళు తగ్గి మళ్ళీ వచ్చింది. ఎ.పి. ఎక్స్‌ప్రెస్‌లో ఊరికి వెళ్ళినప్పుడల్లా రాత్రంతా బెర్తు దిగి తలుపు దగ్గర నిలబడేది.

మా అమ్మ, “కాళ్ళు ఊపకే, దరిద్రం, లక్ష్మి నిలవదు” అని కసిరేది. మా అత్తగారు మందపల్లి తీసుకువెళ్ళి శనీశ్వరుడికి తైలాభిషేకం చేయించారు. అత్తగారికీ ఇదే బాధ ఉండేదని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆవిడ దాన్ని ‘వాతం’ అనేవారు. మా ప్రాంతపు డిస్పెన్సరీలో డాక్టరు ‘టెన్షన్’ అని రాసి బి-కాంప్లెక్సు మాత్రలు ఇచ్చాడు.

మరి నేను? కోవూర్ పుస్తకాలు చదివి, విజయవాడ నాస్తిక కేంద్రం సభలకి వెళ్ళి, ఢిల్లీలో శనివారం కూడళ్ళలో నూనె బకెట్టు పట్టుకుని “జై శనిదేవ్” అంటూ కారు అద్దం తట్టేవాళ్ళతో వాదన పెట్టుకునే నేను ఏమన్నాను? “నీ మనసులో ఉంది, దాని గురించి ఆలోచించకు” అన్నాను. డాక్టరన్న టెన్షనే నేనూ అన్నాను. కాకపోతే కాస్త మంచి తెలుగులో.

ఇంకా ఘోరం చెబుతాను. 2006లో ‘ప్లాస్ మెడిసిన్’ అనే పత్రికలో స్టీవెన్ వొలోషిన్, లీసా ష్వార్జ్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు ఒక వ్యాసం రాశారు. అమెరికా ప్రభుత్వం 2005లో రోపినిరోల్ అనే మందుని ఈ కాళ్ళ జబ్బుకి అనుమతించింది. ఆ సందర్భంగా అక్కడి పత్రికలు జబ్బుని పెద్దది చేసి, స్వల్పంగా ఉన్నవాళ్ళని కూడా రోగుల్ని చేసి, మందుల కంపెనీకి మేలు చేశాయని వాళ్ళ విమర్శ. మంచి విమర్శే, న్యాయమైనదే. దాని సారాంశం నా చెవిన పడింది. నేను దాన్ని ఏం చేసుకున్నానంటే, “చూశావా, ఇది మందుల కంపెనీలు పుట్టించిన జబ్బు!” అని మా ఆవిడకి చదివి వినిపించాను. జబ్బు లేదని వాళ్ళెక్కడా అనలేదు. ఎక్కువ చేసి చూపిస్తున్నారని అన్నారు. ఈ రెండింటికీ తేడా తెలియనివాడు ఆడిట్‌కి పనికిరాడు. ఆవిడ ఏమీ అనలేదు. లేచి వంటింట్లోకి నడిచింది. నడవడానికి కారణం కాళ్ళో, నేనో!

కంపెనీలు పుట్టించిన జబ్బయితే కంపెనీలు పుట్టకముందు ఉండకూడదు కదా. ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ 1672లోనే లాటిన్‌లో దీన్ని వర్ణించాడు. పడుకోగానే కాళ్ళూ చేతులూ ఎగిరెగిరి పడి, చిత్రహింస పెడుతున్నవాళ్ళకి ఎంత నిద్ర పడుతుందో ఈ రోగులకీ అంతే పడుతుందన్న అర్థంలో రాశాడు. తర్వాత జనం మరిచిపోయారు. స్వీడన్ నాడీవైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బామ్ 1945లో పూర్తి గ్రంథం రాసి ఇప్పుడున్న పేరు పెట్టాడు. ఆ దేశపువాడే నోర్డ్‌లాండర్ 1953లో రక్తనాళంలోకి ఇనుము ఎక్కించి రోగులకి నయమైందని రాశాడు. అంటే మా పెళ్ళికి ముప్పై ఏళ్ళ ముందే దారి తెలుసు. మా డిస్పెన్సరీ దాకా రాలేదు.

2018లో ఆవిడకి వేరే పని మీద ఒక ఆసుపత్రికి వెళితే, అక్కడ ఒక కుర్ర డాక్టరు నిద్ర గురించి అడిగాడు. నేను పైన రాసిన నాలుగు ప్రశ్నలే. నాలుగింటికీ అవునంది. ఇరవయ్యేడేళ్ళలో ఆవిణ్ణి ఎవరూ అడగని ప్రశ్నలు అవి. ఫెరిటిన్ రాశాడు. హిమోగ్లోబిన్ 11.8 ఉంది, “పర్వాలేదు” అనే అంకె. ఫెరిటిన్ 9.

లెక్కలవాణ్ణి కనుక నాకు వెంటనే అర్థమైన సంగతి ఇది. హిమోగ్లోబిన్ కౌంటర్లో ఉన్న నగదు. ఫెరిటిన్ గోదాములో సరుకు. గోదాము ఖాళీ అయిపోతున్నా కౌంటరు కొన్నాళ్ళు కళకళలాడుతూనే ఉంటుంది. మనం అన్ని పరీక్షల్లోనూ కౌంటరు చూసి సంతకం పెడుతున్నాం. ఇంకో మాయ ఏమిటంటే, చాలా లాబుల రిపోర్టుల్లో ఆడవాళ్ళకి ఫెరిటిన్ పదో పదిహేనో ఉంటే చాలు, మామూలే అని అచ్చవుతుంది. ఈ కాళ్ళ జబ్బు ఉన్నవాళ్ళకి ఆ కొలత పనికిరాదు. మిల్లీలీటరుకి 75 నానోగ్రాములు, అంతకన్నా తక్కువ ఉంటే ఇనుము ఇవ్వడం గురించి ఆలోచించాలని నిద్రావైద్యుల మార్గదర్శకాలు చెబుతాయి. కనుక 20 ఉన్న మనిషికి రిపోర్టు ‘నార్మల్’ అంటుంది, ఆ మనిషి రాత్రంతా నడుస్తుంది.

ఇనుముకీ కాళ్ళకీ ఏమిటి సంబంధం? అసలు సంగతి కాళ్ళలో లేదు, మెదడులో ఉంది. కదలికల్ని అదుపులో పెట్టే రసాయనం డోపమిన్. దాన్ని తయారుచేసే క్రమంలో టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైము పనిచేయాలంటే ఇనుము కావాలి. ఈ రోగుల వెన్నుద్రవం పరీక్షించినా, మెదడుని ఎం.ఆర్.ఐ. తీసినా, చనిపోయాక మెదడు కణజాలాన్ని పరిశీలించినా, సబ్‌స్టాన్షియా నైగ్రా అనే భాగంలో ఇనుము తక్కువని తేలింది. కొందరిలో రక్తంలో ఇనుము సరిపడా ఉన్నా మెదడుకి చేరేది తక్కువ. పైగా రక్తంలో తిరిగే ఇనుము రాత్రిపూట తగ్గుతుంది, డోపమిన్‌కి కూడా పగలూ రాత్రీ తేడా ఉంది. శనివారానికీ ఆదివారానికీ మాత్రం తేడా లేదు.

ఇనుమొక్కటే కారణమని నేననడం లేదు. అలా అంటే నేనూ ఒక ఉంగరం అమ్మినట్టే. ఇది కుటుంబాల్లో నడుస్తుంది. మా అత్తగారి ‘వాతం’ ఇప్పుడు నాకు వేరుగా కనపడుతోంది. 2007లో ఐస్‌లాండ్, జర్మనీ బృందాలు విడివిడిగా దీనికి సంబంధించిన జన్యుభాగాలు కనిపెట్టాయి. ఐస్‌లాండ్‌వాళ్ళు చూసిన జన్యుభేదం ఉన్నవాళ్ళకి ఫెరిటిన్ కూడా తక్కువగా ఉంది. 2024 నాటికి అలాంటి జన్యుస్థానాలు 160కి పైబడ్డాయి. గర్భిణులకి వస్తుంది, మూత్రపిండాలు పాడై డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి ఎక్కువ. ఉత్తరాఖండ్ కొండల్లో ఎత్తున నివసించేవాళ్ళలో మైదానం వాళ్ళకంటే ఎక్కువని 2017లో మన పరిశోధకులే రాశారు. మరొకటి, మనం అసలు అనుమానించనివి మందులు. నిద్రమత్తు కలిగించే జలుబు, దురద మాత్రలు, వాంతులకి ఇచ్చే మెటోక్లోప్రమైడ్, కుంగుబాటుకి వాడే కొన్ని మందులు దీన్ని పెంచుతాయి. నిద్ర పట్టడం లేదని జలుబు మాత్ర వేసుకుని నిద్ర ఇంకా పాడుచేసుకునేవాళ్ళు ఎందరో. మా ఆవిడా కొన్నేళ్ళు ఆ పనే చేసింది. ఆ మాత్ర తెచ్చి ఇచ్చింది నేను.

ఆవిడకి ఇనుము మాత్రలు మొదలుపెట్టాక నాలుగు నెలలకి ఫెరిటిన్ అరవై దాటింది. కాళ్ళు నూటికి ఎనభై పాళ్ళు నెమ్మదించాయి. ఇప్పటికీ ఎప్పుడైనా విమానంలోనో, పెళ్ళి మంటపంలోనో ఎక్కువసేపు కూర్చుంటే వస్తుంది.

ఇక్కడ మా పెద్దాయన లేచి, “మీ ఆవిడకి మాత్ర పనిచేసిందని మీరు చెబితే నిజం, నాకు ఉంగరం పనిచేసిందని నేను చెబితే మూఢనమ్మకమా?” అని అడగవచ్చు. మంచి ప్రశ్న. మా ఆవిడ కథ రుజువు కాదు. ఒప్పుకుంటున్నాను. అది ఒక వోచరు మాత్రమే, మొత్తం ఖాతా కాదు. ఈ జబ్బులో ఇది మరీ నిజం. 2008లో ‘బ్రెయిన్’ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక విశ్లేషణ చూడండి. ఈ జబ్బు మీద జరిగిన మందుల పరీక్షలు అనేకం కలిపి లెక్కవేస్తే, మందు లేని ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ళలోనే సుమారు 40 శాతం మంది గణనీయంగా మెరుగుపడ్డారని తేలింది. నూటికి నలభై! దానికి తోడు ఈ జబ్బు దానంతటదే హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. బాగా హెచ్చినప్పుడే కదా మనం జ్యోతిష్కుడి దగ్గరికి పరుగెత్తేది. ఇక తర్వాత తగ్గడమే మిగిలింది. ఉంగరం, రాగి కడియం, అయస్కాంతం పట్టీ, దుప్పటి కింద సబ్బు బిళ్ళ – ఈ నలభై శాతం పెట్టుబడి మీదే అందరి వ్యాపారమూ.

కనుక మాత్రని కూడా ఉత్తుత్తి మాత్రతో పోటీ పెట్టాలి. పెట్టారు. 2009లో ఫెరిటిన్ తక్కువగా ఉన్న 18 మందిని తీసుకుని, ఎవరికి ఏది ఇస్తున్నారో రోగికీ వైద్యుడికీ తెలియకుండా 12 వారాలు చూస్తే, ఇనుము తీసుకున్నవాళ్ళు ఎక్కువ మెరుగుపడ్డారు. చిన్న పరీక్షే. అంతకుముందు 2000లో వచ్చిన మరో పరీక్షలో నిల్వలు తక్కువున్నవాళ్ళనే ఏరి తీసుకోలేదు. అక్కడ ఇనుము మాత్రల వల్ల లాభం కనపడలేదు. నాకు ఈ రెండోదే ఎక్కువ నచ్చింది. ఎవరికి పనిచేస్తుందో, ఎవరికి పనిచేయదో ముందే చెప్పగలిగే సిద్ధాంతం అది. గోదాము నిండుగా ఉన్నవాడికి సరుకు పంపితే ఏం లాభం? శని ఉంగరం ఎవరికి పనిచేయదో ఏ జ్యోతిష్కుడైనా ముందుగా కాగితం మీద రాసి ఇచ్చాడా? పనిచేయకపోతే “మీ నమ్మకం చాలలేదు”, లేకపోతే “రాహువు అడ్డొచ్చాడు”.

ఇక పూర్వులకి తెలుసన్న మాట. వేలికి పెట్టిన ఇనుము చర్మం గుండా రక్తంలోకి పోదు. ఇనుము ఒంటికి పట్టాలంటే కడుపులోకి వెళ్ళి చిన్నపేగు మొదటి భాగంలో ఇంకాలి, లేదా సూదితో నేరుగా ఎక్కాలి. ఉంగరం ఇనుము మురికిలో కలిసి నీళ్ళలో పోతుంది. అదే జ్యోతిష్కుడు ఇదే ఉంగరాన్ని కోర్టు కేసుకీ, కొడుకు ఉద్యోగానికీ, అప్పులకీ ఇస్తున్నాడు. అప్పులవాడికి కూడా ఫెరిటిన్ తక్కువని మన పూర్వులు కనిపెట్టారనుకోవాలా?

అన్నిటికంటే వినోదం ఇది. మన జ్యోతిషంలో శని లోహం ఇనుము. ఐరోపా జ్యోతిషంలో, రసవాదంలో శని లోహం సీసం, ఇనుము కుజుడిది! ఒకే గ్రహం, ఒకే ఆకాశం. సూయజ్ కాలువకి ఇవతల ఇనుము, అవతల సీసం. మా పెద్దాయన రోమ్‌లో పుట్టి ఉంటే సీసం ఉంగరం తొడిగేవారు. పూర్వులకి ఇనుము రహస్యం తెలిసే శనికి ముడిపెట్టారన్న వాదం ఇక్కడ కూలిపోతుంది. ఉన్న లోహాల్ని ఉన్న గ్రహాలకి పంచారు. ఏదో ఒకటి ఎక్కడో ఒకచోట తగలక మానదు. ఆగిన గడియారమైనా రోజుకి రెండుసార్లు సరైన టైమే చూపిస్తుంది, దాన్ని చూసి రైలు ఎక్కుతామా?

ఆయుర్వేదం మిత్రులు ‘లోహభస్మం’ అంటారు. దాన్ని ఉంగరంతో కలిపి కొట్టేయను. అది కడుపులోకి పోయేది, అందులో ఇనుము ఉంది. అయితే ఎంత ఉంది, ఎంత ఒంటికి పట్టింది, ఫెరిటిన్ ఎంత పెరిగింది అన్నది కొలవండి. కొలిచి చూపిస్తే నాకేమీ పేచీ లేదు. తాయెత్తుల సంగతి వేరు. మంత్రం, తాయెత్తు, కవచం రోగం కుదురుస్తాయని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. ఆ చట్టం ఉందని ఢిల్లీ మెట్రో స్తంభాల మీద అంటించిన కాగితాలు చూస్తే ఎవరూ అనుకోరు.

ఇప్పుడు మనవాళ్ళ సంగతి, అంటే హేతువాదుల సంగతి. మా ఆఫీసు లెక్కల్లో ‘సస్పెన్స్’ అని ఒక పద్దు ఉండేది. ఏ ఖాతా కింద రాయాలో తేలని మొత్తాన్ని తాత్కాలికంగా అందులో వేస్తాం. వేయడం తప్పు కాదు. వేసి, తేల్చకుండా ఏళ్ళ తరబడి వదిలేయడం తప్పు. శని, వాతం, దృష్టి – ఇవన్నీ సస్పెన్స్ పద్దులే. కానీ ‘టెన్షన్’ మాత్రం ఏమిటి? ‘వయసు’ ఏమిటి? ‘మెనోపాజ్’, ‘మానసికం’ అని తేలిగ్గా రాసిపారేసేవి ఏమిటి? ఇంగ్లీషు పేరు పెట్టిన శని! ఏ పరీక్షా చేయకుండా “మానసికం” అన్నవాడికీ, ఏ పరీక్షా చేయకుండా “శని” అన్నవాడికీ పద్ధతిలో తేడా ఏముంది? మొదటివాడు ఉంగరానికి డబ్బులు తీసుకోలేదు, అంతే. నేను మొదటివాణ్ణి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6. రక్తహీనత అంతా ఇనుము లోపం వల్లే కాదు, కానీ అది పెద్ద కారణం. ఇది కౌంటరు లెక్క. గోదాముల లెక్క తీస్తే ఎంత వస్తుందో ఊహించుకోండి. ఇంత మంది ఆడవాళ్ళు “కాళ్ళు పీకుతున్నాయి” అంటుంటే మనం మూఢనమ్మకాల మీద కరపత్రాలు పంచాం, మంచిదే, ఆ కరపత్రంలో ఫెరిటిన్ అన్న మాట ఒక్కసారైనా రాశామా?

చదివినవాళ్ళు రేపే మందుల షాపుకి పోయి ఇనుము మాత్రలు కొనవద్దు. అది మరో మూర్ఖత్వం. ఇనుము ఎక్కువైతే కాలేయానికీ గుండెకీ చేటు. ఉత్తరాదిలో తలసేమియా వాహకులు చాలామంది. వాళ్ళకి హిమోగ్లోబిన్ తక్కువున్నా ఇనుము నిండుగా ఉండవచ్చు. ముందు పరీక్ష. ఒంట్లో వాపో, జ్వరమో ఉంటే ఫెరిటిన్ దొంగగా పెరిగి కనిపిస్తుంది కనుక ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ కూడా చూడాలి. మాత్ర వేసుకునేటప్పుడు చాయ్ దగ్గరికి రానీయకూడదు. ఢిల్లీలో ఇది మందు కంటే కష్టం. మాత్ర పడనివాళ్ళకి, చాలనివాళ్ళకి రక్తనాళం ద్వారా ఎక్కిస్తారు. మెగ్నీషియం మాత్రలకి సరైన రుజువు లేదు. రోపినిరోల్, ప్రమిపెక్సోల్ లాంటి డోపమిన్ మందులు మొదట అద్భుతంగా పనిచేసి, కొన్నేళ్ళకి చాలామందిలో జబ్బునే ముదరబెడతాయి: రాత్రి వచ్చేది మధ్యాహ్నమే వస్తుంది, కాళ్ళకే ఉన్నది చేతులకీ పాకుతుంది. కొందరికి జూదం పిచ్చి కూడా పట్టింది. అమెరికా నిద్రావైద్య అకాడమీ 2025 మార్గదర్శకాల్లో వాటిని మామూలుగా వాడవద్దని, ఇనుము సంగతి చూసి గాబాపెంటిన్ తరహా మందులకి పోవాలని సూచించింది. 2006లో ఆ విమర్శకులు తొందరపడొద్దన్నది ఎంత సబబో ఇప్పుడు తెలుస్తోంది. సైన్సు తన తప్పు తానే రాసుకుంది. శని ఉంగరానికి సవరణ పత్రం ఎప్పుడైనా వచ్చిందా?

మా పెద్దాయన చివరికి పరీక్ష చేయించుకున్నారు. నా వాదన వల్ల కాదు, వాళ్ళమ్మాయి బెంగళూరు నుంచి ఫోనులో కేకలేస్తే. ఫెరిటిన్ 14. మగవాడికి, అందులోనూ డెబ్బై ఏళ్ళవాడికి ఇనుము ఎక్కడికి పోతోంది? నెలసరి లేదు, కాన్పు లేదు. డాక్టరు వెంటనే ఎండోస్కోపీ రాశాడు. మోకాళ్ళ నొప్పులకని ఆయన నాలుగేళ్ళుగా తనకి తానే కొనుక్కుని మింగుతున్న నొప్పి మాత్రలు కడుపులో పుండు చేశాయి. అది బొట్టు బొట్టుగా కారుతోంది. కాళ్ళు మూడేళ్ళుగా చెబుతున్నది అదే. అక్కడ పుండుకి బదులు కాన్సర్ కూడా ఉండవచ్చు, ఆ వయసులో దాన్నే ముందు అనుమానిస్తారట. ఉంగరం తొడిగినవాడు “నలభై రోజులు ఆగి చూడండి” అన్నాడు.

ఇప్పుడు నొప్పి మాత్రలు ఆపేశారు. పుండుకి మందులు, ఇనుము మాత్రలు నడుస్తున్నాయి. నేనొక ఒప్పందం ప్రతిపాదించాను: ఉంగరం తీసి మా ఇంట్లో పెట్టండి, తీసినందువల్ల కాళ్ళ పీకుడు పెరిగితే నేనే స్వయంగా మందపల్లి వస్తాను అని. ఆయన నవ్వి, “రెండూ ఉంటే నష్టం ఏముందండీ?” అన్నారు.

మళ్ళీ ఫెరిటిన్ చూసేది వచ్చే నెల పన్నెండున. ఆయన ఆ తేదీని పంచాంగంలో గుర్తుపెట్టుకున్నారు, నేను డైరీలో రాసుకున్నాను. మొన్న శనివారం బెంచీ దగ్గర చూశాను. ఉంగరం వేలికే ఉంది. దాని కింద చర్మం నల్లబడుతోంది.